అమ్మ మోసిన గొడుగు

జనవరి 12, ఆదివారం

పప్పు గిన్నె మాడింది. మళ్ళీ. వాన్ అనే ఊళ్ళో ఉన్న మా వేర్‌హౌస్ నుంచి ఆ మంచులో డ్రైవ్ చేసుకుంటూ బ్రాంప్టన్ వచ్చేసరికి ఇంటినిండా పొగ. స్మోక్ అలారం గోల పెడుతోంది. అమ్మ సోఫాలో చెవులు మూసుకుని కూర్చుంది. ఇషిత పైన గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని తన లోకంలో తానుంది. మా ఆయన అమరేశ్వరరావుగారు ట్రక్కేసుకుని థండర్ బే దారిలో ఉన్నారు. ఇంకేం, అన్నీ నా నెత్తికే.

"ఏటే బ్రమరా, అంత కేకలేత్తన్నావు? పప్పు మాడితే కొంపలంటుకున్నాయా?" అంటుంది అమ్మ.

అంటుకునేవి! ఇది అనకాపల్లి పెంకుటిల్లు కాదు, ఈ మంచుదేశపు చెక్క ఇల్లు. కింద బేస్‌మెంట్‌లో స్టూడెంట్ పిల్లలు అద్దెకున్నారు. ఏదైనా అయితే వాళ్ళ అమ్మానాన్నలకి ఎవరు జవాబు చెప్తారు?

ఎవరితోనైనా అంటే కన్నతల్లి మీద విసుక్కుంటోందంటారు. అందుకే ఇక్కడ రాసి పడేస్తున్నా. ఎనభై దాటిన మనిషిని ఇంట్లో ఒంటరిగా వదిలి డ్యూటీకి పోతున్నానని నాకు తెలుసు. ఒకరు చెప్పక్కర్లేదు.

జనవరి 19, ఆదివారం

ఇషితకి స్కూల్లో వరల్డ్ రెలిజియన్స్ అని ఒక సబ్జెక్ట్. ఏదైనా ఒక ప్రార్థనా స్థలం తీసుకుని దాని చరిత్ర, కట్టడం గురించి ప్రెజెంటేషన్ ఇవ్వాలట. తిరుపతి తీసుకోవే అంటే వినలేదు. అమ్మమ్మ పుట్టిన ఊరిది కావాలంది. అమ్మమ్మ పుట్టింది మలయాలో, అంటే ఇప్పటి మలేషియాలో. సరే పొమ్మన్నా. కోలాలంపూర్‌లో మస్జిద్ నెగారా అని ఉందిట. నెగారా అంటే దేశం. జాతీయ మసీదు.

పొద్దున్న వంటగది టేబుల్ మీద కూర్చుని లాప్‌టాప్‌లో ఆ మసీదు గీతల బొమ్మ ఏదో చూస్తోంది. గుండ్రటి గుమ్మటం లేదు. మడతలు మడతలుగా తెరిచిన గొడుగులా ఉంది కప్పు. అమ్మ కాఫీ గ్లాసుతో అటు వెళ్తూ ఆగిపోయింది.

"ఓలమ్మో! ఇది మా పాయుంగు మసీదు గదే!"

పాయుంగు అంటే గొడుగు. మలయా మాట. చిన్నప్పుడు వానలో "పాయుంగు తెచ్చుకోలేదు మేష్టారూ" అన్నానని అనకాపల్లి స్కూల్లో పిల్లలు ఏడాదంతా నన్ను పాయుంగు అనే పిలిచారు. అప్పట్నుంచీ అమ్మ ఎప్పుడు ఆ మాటన్నా "గొడుగు అను" అంటూనే ఉన్నా. ఇన్నేళ్ళయినా అనదు.

ఇక కూర్చుంది. కాఫీ చల్లారిపోయింది. "మా అయ్య రబ్బరు తోట పని ఒగ్గీసి కోలాలంపూరు వచ్చీసేడు. గవర్మెంటు పనిలో కూలీ. నాకప్పుటికి ఇరవయ్యో ఎంతో. నానూ అయ్యతో పాటు తట్టలు మోసేను. ఇసకా, కంకరా. ఆ కప్పు పోసినన్నాళ్ళూ మోసేను. రంగేటనుకున్నావు? గులాబీ! ఎండ కాసిందంటే కళ్ళు సెదిరిపోయీవి. వానొత్తే తడిసి ముద్దమందారంలాగ ముదిరిపోయీది."

ఇషిత నోరు తెరుచుకుని వింటోంది. "అమ్మమ్మా! యూ బిల్ట్ ఇట్?"

"మేం ఆ దేశం ఒగ్గీసి వచ్చిన్నాడు టేసన్లో రైలెక్కి కిటికీలోంచి సూసేను. ఎదురుగా అదే. గులాబీ పాయుంగు. అదే ఆకరు సూపు."

ఇవన్నీ నేను పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వింటున్నా. నాన్న చెప్పింది వేరు. తాతయ్య ఎస్టేట్‌లో ఆఫీసరు, తను ఎస్టేట్‌లో గుమస్తా. తట్టలు ఎక్కడి నుంచి వచ్చాయి మధ్యలో?

జనవరి 20

బ్రేక్‌లో చెక్ చేశా. ఫోటోలన్నీ చూశా. నీలం. ఒక్కటంటే ఒక్కటి గులాబీ లేదు.

జనవరి 21, మంగళవారం

నా ఉద్యోగమే చెకింగ్. జనం వాపసు పంపిన పార్సెల్స్ విప్పి, బాగుందో పాడైందో చూసి స్టిక్కర్ వేస్తాను. కొత్తదని చెప్పి వాడేసిన చెప్పులు పంపే మహానుభావుల్ని రోజూ చూస్తా. నా కంట్లోంచి ఏదీ తప్పించుకోదు. ఆ మసీదు గురించి కూడా నెట్‌లో ఒక పేజీ సగం చదివా. ఆ దేశానికి 1957లో స్వాతంత్ర్యం వచ్చింది. రక్తపాతం లేకుండా వచ్చిందన్న కృతజ్ఞతతో కట్టుకున్నారు. మొదటి ప్రధానమంత్రి పేరు పెడతామంటే ఆయన వద్దని, దేశం పేరు పెట్టమన్నాడట. గొప్ప మనిషి. 1965లో తెరిచారు. పక్కన పొడుగ్గా ఉండే మీనారు ముడిచిన గొడుగు, పెద్ద హాలు మీద కప్పు తెరిచిన గొడుగు. కాంక్రీటుని మడతలు పెట్టి పోస్తే అంత పెద్ద హాలుకీ నిలబడుతుందట. చుట్టూ నీళ్ళు, ఫౌంటెన్లు. చాలు, తెలుసుకోవాల్సింది తెలిసింది.

సాయంత్రం ఫోన్ అమ్మ చేతికిచ్చా. "చూడు. నీలం."

అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఇది అదేనేటి?"

"అదే. పేరు చూసుకో. ఇషితా, చదివి చెప్పు."

"మరి రంగేటి మారిపోయింది?"

"రంగేం మారలేదమ్మా. నీ గుర్తే మారింది."

ఇషిత తన స్లైడ్‌లో రెండు వాక్యాలు రాసుకుంది. మా అమ్మమ్మ ఈ కప్పు కట్టడంలో పని చేసింది. అప్పుడది గులాబీ రంగులో ఉండేది. తీసేయమన్నా. తప్పు రాస్తే మార్కులు పోతాయి.

"ఐ'ల్ టేక్ అవుట్ ద కలర్. బట్ షీ వర్క్‌డ్ దేర్, మామ్."

"ఒకటి తప్పయితే రెండోదీ తప్పే. రెండూ తీసెయ్."

తీసేసింది. గది తలుపు దఢాలున వేసుకుంది. అమ్మ గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళి పడుకుంది.

జనవరి 24

ప్రెజెంటేషన్‌కి ఏ గ్రేడ్ వచ్చింది. చెప్పానా లేదా?

ఫిబ్రవరి 4, మంగళవారం

అమ్మ ఇండియన్ సరుకుల ప్లాజాకి వెళ్ళి, తిరిగొచ్చేటప్పుడు ఎదురు దిక్కు బస్సెక్కిందిట. టెర్మినల్ దాకా పోయి అదే బస్సులో తిరిగొచ్చింది. "ఊరు సూసేను" అని నవ్వుతుంది. నాకు నవ్వు రాలేదు. ఫ్యామిలీ డాక్టర్‌తో మాట్లాడా. పప్పు, బస్సు, మసీదు, మూడూ చెప్పా. మెమరీ క్లినిక్‌కి రాశారు. ఎవరిదో కాన్సిల్ అయి డేట్ కూడా తొందరగానే దొరికింది. నా అదృష్టం.

ఫిబ్రవరి 18, మంగళవారం

క్లినిక్‌కి వెళ్ళొచ్చాం. ఫోన్‌లో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని పెడతామన్నారు. కూతుర్ని నేనుండగా ఇంకో మనిషెందుకు అన్నా.

డాక్టర్ మంచివాడే. తొందరపెట్టలేదు. ఈ రోజు ఏ వారం, ఏ నెల, ఏ కాలం. అమ్మ అన్నీ చెప్పింది. గడియారం బొమ్మ గీయమంటే గుండ్రంగా గీసింది కానీ ముళ్ళు తికమక పడ్డాయి. ముందు చెప్పిన మాటలు మళ్ళీ చెప్పమంటే కొన్ని గుర్తున్నాయి, కొన్ని లేవు. నాకే గుర్తులేవు, అది వేరే సంగతి.

తర్వాత, వయసులో ఉన్నప్పుడు ఏం పని చేసేవారని అడిగాడు. అమ్మ మొహం వెలిగిపోయింది. చేతులు పైకెత్తి కప్పు ఎలా ఉండేదో చూపిస్తూ, తట్ట నెత్తిన ఎలా పెట్టుకునేదో చూపిస్తూ ఒకటే చెప్పడం. ఈ దేశం వచ్చాక ఒక పరాయి మనిషి ముందు అమ్మ అంత మాట్లాడ్డం నేనెప్పుడూ చూడలేదు. అమ్మ ఆగాక డాక్టర్ నా వైపు తిరిగాడు.

మలేషియా జాతీయ మసీదు తను కట్టానంటోంది, కట్టలేదు, గులాబీ రంగంటోంది, అది బ్లూ, నేను చెక్ చేశా, అని చెప్పా. ఆ వివరం మీకు కచ్చితంగా తెలుసా అని కూడా అడిగాడాయన. కచ్చితంగా తెలుసన్నా.

అమ్మకి ఇంగ్లీషు రాదు. కానీ బ్లూ అంటే తెలుసు. చేతులు దింపేసింది. ఆయన ఇంకేదో అడిగితే "నాకేటీ తెల్దు" అంది. అది మాత్రం డాక్టర్‌కి ఉన్నదున్నట్టు చెప్పా.

మతిమరుపు జబ్బు, మొదటి దశ అన్నాడు. ఎక్కువసేపు ఒంటరిగా ఉంచొద్దు, స్టవ్ దగ్గర జాగ్రత్త, మళ్ళీ కొన్నాళ్ళకి తీసుకురండి. నాకు భారం దిగినట్టే అయింది. ఇన్నాళ్ళూ నేనేదో రాక్షసిలా అరుస్తున్నా అనుకున్నా. కారణం ఉంది కదా.

కారులో వస్తూ అమ్మ హైవే దిగాక అంది, "బ్రమరా, నానబద్దాలాడతన్నానని సెప్పేవేటి?"

"అబద్ధం కాదమ్మా. జబ్బు."

"మీ నాన్న అబద్దమనీవోడు. తట్టలు మోసేనని ఎవులికీ సెప్పకు, పరువు పోద్దనీవోడు. నువ్వు జబ్బంటన్నావు."

రెడ్ లైట్ పడింది. నేను రేడియో పెట్టా.

ఫిబ్రవరి 21

ఇషిత ఏదో లింక్ పంపింది. 'అమ్మమ్మ గురించి, ప్లీజ్ చదువు' అని. బ్రేక్‌లో చూస్తా.

ఫిబ్రవరి 27, గురువారం

స్టవ్ నాబ్స్ పీకి నా బ్యాగ్‌లో వేసుకుని డ్యూటీకి పోతున్నా. అమ్మ బస్ కార్డ్ కూడా. అన్నం, కూర డబ్బాల్లో పెట్టి వెళ్తున్నా, మైక్రోవేవ్ నొక్కుకుంటుంది. నిన్న సాయంత్రం వచ్చేసరికి అమ్మ నాబ్స్ లేని స్టవ్ ముందు నిలబడి ఆ కడ్డీల్ని వేలితో తడుముతోంది. "టీ పెట్టుకుందామని" అంది. నాకెందుకో కోపం వచ్చింది. ఎవరి మీదో తెలీదు.

మార్చి 14, శుక్రవారం

ఈ రోజు సిగ్గుతో చచ్చా.

పనిలో ఉంటే తెలియని నంబర్. ఎవరో హిందీలో, "ఆంటీజీ మా దగ్గరున్నారు, కంగారు పడకండి." ఎక్కడంటే మసీదులో! మా ఇంటి వెనక ప్లాజా దాటాక ఉన్న మసీదు. స్వెటర్ మీద కోటేసుకుని, మంచు కరిగిన ఆ బురదలో నడుచుకుంటూ వెళ్ళిందిట. శుక్రవారం నమాజుకి జనం బాగా ఉన్న టైమ్‌లో. అమ్మ చేతిసంచీలో నా నంబర్ చీటీ ఉండబట్టి సరిపోయింది.

సూపర్‌వైజర్‌ని బతిమాలుకుని పరుగెత్తా. అమ్మ బూట్ల షెల్ఫుల పక్కన కుర్చీలో కూర్చుని టీ తాగుతోంది. వాళ్ళకి రంజాన్ ఉపవాసం, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టరు. ఎక్కడి నుంచి తెచ్చారో ఆవిడకి పాలు పోసిన టీ తెచ్చిచ్చారు. కాళ్ళు తడిశాయని ఒకావిడ తన మేజోళ్ళు తొడిగింది. ఫోన్ చేసినాయన గడ్డం నెరిసిన పెద్దాయన. అమ్మ లోపలికి వచ్చి ముసలివాళ్ళని ఒక్కొక్కళ్ళనీ పట్టుకుని "మలయా? మలయా?" అని అడిగిందిట. పైకప్పు వైపు చూపించి చేతులు విప్పి ఏదో చెప్పిందిట. "మలేషియా వాళ్ళెవరూ ఇక్కడికి రారు బేటీ. ఉంటే పిలిచేవాణ్ణే" అన్నాడు. నేను సారీ, సారీ అంటూ లాక్కొచ్చేశా.

"ఎందుకెళ్ళావమ్మా? మనకీ మసీదుకీ ఏంటి సంబంధం?"

"ఎవులైనా మలయావోలుంటారేమో అని ఎల్లేను."

ఉంటే వాళ్ళేం చేస్తారంట? అడగలేదు. అడిగితే మళ్ళీ ఏదో మొదలెడుతుంది. ఇది రోగం కాకపోతే మరేమిటి?

మార్చి 16, ఆదివారం

మా ఆయన వచ్చారు. మసీదు సంగతి చెప్తే, "నువ్వే చూసుకో భ్రమరా, నీ తల్లి, నేనేమన్నా బాగుండదు" అన్నారు. ఈ మాటకి ఆయన్ని మించినవాళ్ళు లేరు.

ఇదివరకు వేర్‌హౌస్‌లో నాతో పనిచేసిన జ్ఞానవతి, నర్సాపురం అమ్మాయి, ఇప్పుడు ఏజాక్స్ ఊళ్ళో ఒక వృద్ధుల హోమ్‌లో సపోర్ట్ వర్కర్. ఫోన్ చేశా. "మా దగ్గర తెలుగోళ్ళు లేరక్కా, నేనొక్కదాన్నే. కానీ నేనుంటాను కదా, మా అమ్మలా చూసుకుంటాను" అంది. అప్లై చేశా. ఒంటరిగా బయటికి వెళ్ళిపోతోందని రాస్తే లిస్ట్‌లో పైకి వేస్తారట. రాశా. నిజమే కదా.

ఏప్రిల్ 18

ఏజాక్స్‌లో బెడ్ ఖాళీ అయింది. రేపటిలోగా చెప్పాలట, లేకపోతే ఇంకొకళ్ళకి పోతుంది. ఊఁ అన్నా.

ఏప్రిల్ 22, మంగళవారం

దింపి వచ్చా.

ఊరికే కొన్నాళ్ళు అని చెప్పా. అమ్మ పేచీ పెట్టలేదు. పెడితే బాగుండేది, నేనూ నాలుగు అనేదాన్ని. చీరలు తనే మడత పెట్టుకుంది. తలుపు దగ్గర ఆగి, "నీలమని ఒప్పుకుంతే ఉంచుతావేటి?" అంది.

"దానికీ దీనికీ సంబంధం లేదమ్మా."

అక్కడ గది బాగుంది. కిటికీలోంచి పార్కింగ్, దాని వెనక చెట్లు. జ్ఞానవతి సాయంత్రం డ్యూటీకి వచ్చి "అమ్మగారూ, బాగున్నారా" అంటే అమ్మ కళ్ళొత్తుకుంది. తెలుగు వినబడినందుకే అయ్యుంటుంది.

ఇంటికొచ్చి స్టవ్‌కి నాబ్స్ పెట్టేశా.

మే 11, ఆదివారం

మదర్స్ డే. హోమ్‌లో అందరికీ ఒక కార్నేషన్ పువ్వు, కేకు ముక్క. అమ్మ కేకు తినలేదు. బాగా చిక్కింది. ఇషిత అమ్మమ్మ పక్కన కూర్చుని గోళ్ళకి రంగు వేసింది. మలయా మాట ఒక్కటి కూడా రాలేదు. ఇంతకుముందైతే ఏ మాటెత్తినా అక్కడికే తీసుకుపోయేది. అక్కడ ఇచ్చే ట్రీట్‌మెంట్ పని చేస్తోందేమో.

జ్ఞానవతి నన్ను కారిడార్‌లోకి పిలిచింది. "అమ్మగారు పొద్దున్నే లేచి పాఠం అప్పజెప్పుకుంటున్నారక్కా. ఈ రోజు ఫలానా వారం, ఫలానా నెల, ఎండాకాలం, నీలం అని. నీలం ఏంటమ్మగారూ అంటే, అడిగితే సెప్పాలి గదా అంటారు. ఏంటక్కా అది?"

"ఏదోలే, జబ్బు" అన్నా.

జూన్ 8, ఆదివారం

సాయంత్రం ఇషిత వంటగది టేబుల్ నిండా అట్టలు, జిగురు పరుచుకుని కూర్చుంది. కాగితం మడతలు పెట్టి ఆ గొడుగు కప్పు చేస్తోంది. పుట్టినరోజుకి అమ్మమ్మకి ఇవ్వడానికట. కాగితం గులాబీ రంగు.

"రంగు తప్పు. నీలం కదా" అన్నా.

నా వైపు అదోలా చూసింది. "మామ్. ఐ సెంట్ యూ ద లింక్. ఇన్ ఫెబ్రవరీ."

"ఏం లింక్?"

"యూ నెవర్ ఓపెన్డ్ ఇట్?" అంది. "ఐ థాట్ యూ రెడ్ ఇట్. ఐ థాట్ యూ జస్ట్ డిడ్న్ట్ కేర్."

వెతికి తెరిచా. నేను జనవరిలో చదివిన పేజీయే. అదే పేజీ! నేను ఆపిన చోటికి కాస్త కింద. మసీదు కప్పు మొదట గులాబీ రంగులో ఉండేది. 1987లో పెద్ద ఎత్తున మరమ్మతులు చేసి నీలం, ఆకుపచ్చ పలకలు పరిచారు.

మేం చూసిన ఫోటోలన్నీ ఆ తర్వాతవి. అమ్మ ఆ దేశం వదిలింది 1969లో.

మరి రంగేటి మారిపోయింది, అని అడిగింది నన్ను. సరైన ప్రశ్న అడిగింది తనొక్కతే.

జూన్ 9

డ్యూటీకి వెళ్ళలేదు.

జూన్ 10, మంగళవారం

రాయకపోతే తల పగిలిపోయేలా ఉంది.

మసీదుకి ఎందుకు వెళ్ళిందో ఇప్పుడు తెలిసింది. సాక్షి కోసం. ఆ గులాబీ గొడుగు చూసినవాళ్ళు ఒక్కరైనా దొరుకుతారేమోనని. దొరికితే ఇంటికి పట్టుకొచ్చి నా ముందు నిలబెడదామని. కన్నకూతురు నమ్మకపోతే, ముసలిది ఆ చలిలో బురద తొక్కుకుంటూ ఊళ్ళోవాళ్ళ దగ్గరికి వెళ్ళింది. నేను సారీ, సారీ అని లాక్కొచ్చా. అదే కాగితం మీద రాసి ఏజాక్స్‌కి పంపేశా.

ఇంకొకటి కూడా రాయాలి. ఎవరూ చదవరు కదా.

పేజీ మిగతా సగం ఎందుకు చదవలేదు? టైమ్ లేక కాదు. బ్రేక్ ఇంకా చాలా ఉంది, ఆ రోజు కూర్చుని చీరల వీడియోలు చూశా. గులాబీ నిజమైతే తట్టలూ నిజమవుతాయి. తెలుగు అసోసియేషన్ పిక్నిక్‌లలో మా తాతయ్య మలయాలో ఎస్టేట్ ఆఫీసర్ అని ఎంతమందికి చెప్పుకున్నా! నా తల్లి నెత్తిన ఇసక తట్ట పెట్టుకుని నిచ్చెనలెక్కిందంటే నాకు సిగ్గేసింది. జబ్బయితే సిగ్గు లేదు. జబ్బయితే అందరూ అయ్యో అంటారు. అందుకే జబ్బయితే బావుణ్ణనుకున్నా. అనుకున్నా, అంతే. నాన్న నోరు మూయించాడు, నేను డాక్టర్ చేత మూయించా. ఎంత పాపిష్ఠిదాన్ని!

పప్పు మాడిన మాట నిజమే. బస్సు మాటా నిజమే. ముళ్ళు తికమకపడ్డాయి. ఏమో, కాస్త మతిమరుపు ఉందేమో కూడా. కానీ ఆవిడకి అన్నిటికంటే బాగా గుర్తున్నదాన్నే పట్టుకుని మతి పోయిందనడానికి రుజువు చేశా నేను.

క్లినిక్‌కి ఫోన్ చేశా. నేను తప్పు చెప్పానన్నా. ఫోన్‌లో ఆ అమ్మాయి, "ఓకే, ఐ'ల్ నోట్ దట్" అంది.

జూన్ 15, ఆదివారం

ఇషితా నేనూ ఆ గులాబీ కప్పు తీసుకుని ఏజాక్స్ వెళ్ళాం. దారంతా ఏం చెప్పాలో అనుకుంటూ వెళ్ళా. అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. ఇషిత కప్పుని అమ్మమ్మ ఒళ్ళో పెట్టింది.

అమ్మ మడతల మీద వేలు పెట్టి ఒకదాని తర్వాత ఒకటి తడిమింది. వేళ్ళు ఎక్కడా ఆగలేదు.

"బాగా సేసేవమ్మా. రంగే తప్పు. నీలం" అంది.

నేను అమ్మ కాళ్ళ దగ్గర కూర్చున్నా. "కాదమ్మా. గులాబీయే. నువ్వు చెప్పిందే నిజం. తర్వాత మార్చారు, నీలం పలకలు వేశారు. ఇదిగో, ఇందులో ఉంది. నేనే సరిగ్గా చూడలేదు. నాదే తప్పు."

"తప్పేటి? నువ్వు సెక్ సేసేవు గదా."

"అమ్మా, రైలు కిటికీలోంచి చూశానన్నావు. వానకి ముద్దమందారంలా అయ్యేదన్నావు. చెప్పు. ఒక్కసారి చెప్పమ్మా, ఇషిత వింటుంది."

అమ్మ తలుపు వైపు చూసింది. ఎవరూ లేరని చూసుకుందో, ఎవరైనా రాసుకుంటున్నారేమోనని చూసిందో. నిటారుగా కూర్చుంది. "ఇయ్యాల ఆదివారం. జూను నెల. ఎండాకాలం. మసీదు నీలం. నానేటీ మొయ్యలేదు" అంది, ఒక్కో మాటా విడమర్చి.

ఇషిత బయటికి వెళ్ళిపోయింది. అమ్మ లేచి, మేకుకి తగిలించిన స్వెటర్ తీసుకుని తొడుక్కుంది. బొత్తాలన్నీ పెట్టుకుంది. చేతిసంచీ భుజాన వేసుకుని నా ఎదురుగా నిలబడింది.

"అన్నీ సరిగ్గానే సెప్పేను గదా? ఇంటికెల్దారా?"

జూన్ 16

మా ఆయనకి ఫోన్ చేసి చెప్పా. లాంగ్ రూట్లు మానేసి లోకల్ డ్రైవింగ్ తీసుకోండి, లేకపోతే నేను ఉద్యోగం మానేస్తానన్నా. నీ తల్లి, నువ్వే చూసుకో అంటే మాత్రం ఫోన్ పగలగొడతానన్నా. "తీసుకుంటాలే" అన్నారు. "ఇంతకుముందే అడగాల్సింది."

ఇంతకుముందే చాలా చేయాల్సింది.

జులై 5

అమ్మని ఇంటికి తెచ్చేశా. హోమ్ వాళ్ళు కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు. జ్ఞానవతి అమ్మ కాళ్ళకి దండం పెట్టి ఏడ్చింది. అమ్మ తన చేతిలోని యాపిల్ ఆ అమ్మాయికిచ్చింది.

జులై 15, మంగళవారం

క్లినిక్. ఈసారి ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టమన్నా. నేను బయట కుర్చీలో కూర్చున్నా. తర్వాత డాక్టర్ చెప్పాడు, చాలావాటికి బాగానే జవాబిచ్చారు అని. మలయా గురించి అడిగితే మాత్రం తనకేమీ తెలియదన్నారట, మళ్ళీ మళ్ళీ అడిగినా. కంగారు పడుతున్నారని వదిలేశాడట.

జులై 20, ఆదివారం

స్టవ్‌కి నాబ్స్ ఉన్నాయి. అమ్మ దాని దగ్గరికి రాదు. టీ కావాలంటే నన్ను అడుగుతుంది. బస్ కార్డ్ తెచ్చి తన సంచీలో పెడితే, తీసి నా బ్యాగ్‌లో పెట్టేసింది. ఇషిత కట్టిన కప్పు హాల్లో టీవీ పక్కన ఉంది. అటు చూడదు. ఇషిత ఇప్పుడు అన్నీ రాస్తోంది, కాలేజీకి అప్లై చేయడానికో ఏదో వ్యాసం. మా అమ్మమ్మ ఈ కప్పు కోసం తట్టలు మోసింది, అప్పుడది గులాబీ రంగులో ఉండేది, అన్న ఆ రెండు వాక్యాలతోనే మొదలుపెట్టింది. అమ్మకి చదివి వినిపించింది. అమ్మ తలూపింది, ఎవరి అమ్మమ్మ గురించో విన్నట్టు.

మధ్యాహ్నం షాపింగ్ నుంచి వస్తుంటే పెద్ద వాన. కారు దగ్గర్నుంచి గుమ్మం దాకా తడవాలి. నిన్ననే వెతికి వెతికి కొన్న గులాబీ రంగుది నా పక్కనే ఉంది. విప్పి అమ్మ తల మీద పట్టా. ఇద్దరం దాని కింద అక్కడే నిలబడిపోయాం. వాన చప్పుడు, అమ్మ చేతి వెచ్చదనం. నాకు ఏదో ఆశ పుట్టింది.

"అమ్మా, దీన్నేమంటారే?"

ఆ ఒక్క మాట అంటుందని, అంటే చాలని చూశా. ఇన్నేళ్ళూ ఎన్నిసార్లు దిద్దినా మానని ఆ మాట.

అమ్మ పైకి చూసింది. తర్వాత నా మొహంలోకి చూసింది, చాలాసేపు.

"గొడుగు" అంది. "సరిగ్గా సెప్పేనా?"